ఆర్మూరు పసుపు వెనుక నేల, నీరు, కట్టుబాట్లు
నిజామాబాద్ యార్డుకు వచ్చే సరుకు ఊరికొక తీరుగా ఎందుకుంటుంది?

నిజామాబాద్: జనవరి ద్వితీయార్ధంలో ఇక్కడి వ్యవసాయ మార్కెట్ యార్డుకు కొత్త పసుపు రాక మొదలవుతుంది. మార్చి నాటికి రాబడి ఉధృతమవుతుంది. కుప్పల మధ్య తిరిగే ఖరీదుదారు కొమ్ము విరిచి లోపలి రంగు చూసేముందే సరుకు ఏ ఊరిదని అడుగుతాడు. వినిపించే పేర్లు ఆర్మూరు, వేల్పూరు, బాల్కొండ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి. జగిత్యాల జిల్లా వైపు నుంచి మెట్‌పల్లి, కోరుట్ల. బోధన్, వర్ని, కోటగిరి పేర్లు పసుపు కుప్పల దగ్గర అరుదు. ఆ ఊళ్ళ సరుకు ధాన్యం.

బోధన్‌కు, ఆర్మూరుకు మధ్య దూరం యాభై కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. రెండూ ఒకే జిల్లా. వానలో చెప్పుకోదగిన తేడా లేదు. అయినా ఒక చోట వరి, ఒకప్పుడు చెరకు. మరొక చోట పసుపు, ఎర్రజొన్న, విత్తనపు సజ్జ. ఇది కేవలం రైతుల అలవాటు అనుకుంటే వ్యాపారంలో అంచనాలు తప్పుతాయి. నీరు ఎటునుంచి వచ్చింది, దానితోపాటు ఏయే సంస్థలు వచ్చాయి, ఏవి రాలేదు అన్నదానిపై ఈ తేడా ఆధారపడి ఉన్నది.

కాలువ మొదట్లో ఉన్నవారు

మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో ఆరంభమై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ దీనికి ఇంజనీరు. సుమారు 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది ఆనాటి సంకల్పం. ప్రధాన కాలువ బాన్సువాడ, బోధన్ ప్రాంతాలను తడిపి, నిజామాబాద్ దాటి ఆర్మూరు వైపు సాగుతుంది.

కాలువకు మొదట్లో ఉన్న గ్రామాలకు నీటితోపాటు చాలా వచ్చాయి. నీటి సేద్యంలో అనుభవమున్న కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి భూములు తీసుకున్నారు. వారు వేసుకున్న నివాసాలు నేటికీ ‘క్యాంపు’ అనే పేరుతోనే ఉన్నాయి. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. రుద్రూరులో పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఆనకట్ట, కాలువ, ఫ్యాక్టరీ, పరిశోధన అన్నీ ప్రభుత్వం చేతిమీదుగా వచ్చినవే.

అందువల్ల ఆ ప్రాంతపు రైతు వ్యవహారమంతా ప్రభుత్వంతోనే సాగింది. నీరు ఎప్పుడు వదలాలో ఇంజనీరు, చెరకు ఎప్పుడు కొట్టాలో ఫ్యాక్టరీ, ధర ఎంతో సర్కారు నిర్ణయించేవారు. నడిమి వర్తకుడికి అక్కడ పెద్దగా పని లేదు. ఉన్నదల్లా రైస్ మిల్లరుకే. ఈ ఏర్పాటులో రైతుకు భద్రత ఉన్నది. అయితే సంస్థ దెబ్బతింటే పంటే పోతుంది. నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటుకు మారింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. నేల మారలేదు, కాలువ మారలేదు, చెరకు మాత్రం వరికి దారి ఇచ్చింది.

చివరి ఊళ్ళ సంగతి

ఆర్మూరు ఈ కాలువకు చివరి భాగం. కాగితంపై ఆయకట్టు, వాస్తవంలో మెట్ట. పైగా ఒండ్రు మేట వేసి నిజాంసాగర్ నిల్వ శక్తి మొదట ఉన్న దాదాపు 30 టీఎంసీల నుంచి 18 టీఎంసీల దరికి తగ్గిపోయింది. ఎగువన సింగూరు ప్రాజెక్టు వచ్చి మంజీరా నీటిలో కొంత భాగం హైదరాబాద్ దాహానికి పోయింది. తగ్గిన ప్రతి టీఎంసీ ముందుగా చివరి ఊళ్ళకే కోత అయింది.

ఇంకొక చోద్యం ఉన్నది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు, అంటే శ్రీరాంసాగర్, ఆర్మూరుకు కూతవేటు దూరమనదగ్గ చోటనే ఉన్నది. ముంపు ఇక్కడిది. కాని పెద్ద కాలువ అయిన కాకతీయ కాలువ జగిత్యాల, కరీంనగర్, వరంగల్ వైపు సాగిపోయింది. ఇక్కడ లక్ష్మీ కాలువ కింద కొద్ది భాగానికే పారుదల దక్కింది. చాలా కాలానికి, 2000 తరువాతి దశకంలో, శ్రీరాంసాగర్ వెనుక జలాలను ఎత్తిపోసే అలీసాగర్, గుత్ప పథకాలు వచ్చి నిజాంసాగర్ చివరి ఆయకట్టుకు ఊరట నిచ్చాయి.

అంతవరకు ఆర్మూరు రైతు చేసినది బావి తవ్వడం, తరువాత బోరు వేయడం. పసుపు కథ అక్కడ మొదలవుతుంది.

పసుపు జూన్‌లో నాటితే ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండే పైరు. దీనికి తడి తప్పకూడదు, నీరు నిలవకూడదు. నాలుగు రోజులు నీరు నిలిచిందంటే దుంపకుళ్ళు పట్టుకుంటుంది. కాలువ నీరు వచ్చినప్పుడు ముంచెత్తుతుంది, ఆగినప్పుడు నెల రోజులైనా ఆగుతుంది. పక్క మడిలో వరి ఉంటే ఊట దిగి పసుపు చేనును చెమ్మ పట్టిస్తుంది. బావి నీరు అలా కాదు. ఏ రోజు, ఎంతసేపు పారించాలో రైతు చేతిలో ఉంటుంది. నీరు త్వరగా ఇంకిపోయే చల్కా నేలలు, తేలిక రేగళ్ళు ఈ ప్రాంతంలో దండిగా ఉన్నాయి. కాబట్టి పసుపు ఇక్కడ బావి పంటగా నిలిచింది. కాలువ నీరు సరిగా అందివుంటే ఈ ఊళ్ళు కూడా వరి ఊళ్ళే అయివుండేవని అనుకోవడానికి బోధన్ తీరే సాక్ష్యం.

పెట్టుబడి ఎవరిది?

అయితే నేల, నీరు అనుకూలించినంత మాత్రాన పసుపు పండదు. ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ళ విత్తనం కావాలి. ఎరువు, కలుపు, తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టడం అన్నిటికీ కూలీలే. అయిదు క్వింటాళ్ళ పచ్చి పసుపు ఉడికి ఎండితే దాదాపు ఒక క్వింటాలు సరుకు తేలుతుంది. మేలో పెట్టిన డబ్బు తిరిగి చేతికి వచ్చేసరికి మార్చి దాటుతుంది. వరి రైతు ఈ కాలంలో రెండు పంటలు తీసి రెండుసార్లు సొమ్ము చేసుకుంటాడు.

ఈ పది నెలల భారం మోసినది సహకార సంఘం కొంత, బ్యాంకు కొంత, మిగిలినది అడ్తి దుకాణం. అడ్తిదారు అప్పు ఇచ్చినప్పుడు వడ్డీతోపాటు సరుకు తన దుకాణానికే రావాలన్న హామీ కూడా కోరుకుంటాడు. ఈ కట్టు ఉన్నంతకాలం యార్డుకు సరుకు తప్పదు, కాని బేరంలో రైతు చేయి కిందే ఉంటుంది. చేతిలో కాస్త డబ్బు నిలిచిన రైతు మొదట చేసిన పని, లారీ మాట్లాడుకుని సరుకును మహారాష్ట్రలోని సాంగ్లీకి తీసుకుపోవడం. దీనికి కోపగించుకున్న ప్రయోజనం లేదు; సాంగ్లీలో ఏమున్నదో చూడాలి.

సాంగ్లీలో పసుపు అంతగా పండదన్న మాట లేదు గాని, ఆ మార్కెట్ పెద్దదయినది పొరుగు రాష్ట్రాల సరుకుతోనే. పక్కనే హరిపూర్ గ్రామంలో భూమిలో తవ్విన గాదెలు ఉండేవి. వాటిని అక్కడ పేవులు అంటారు. నేల స్వభావం వల్ల చెమ్మ చేరక సరుకు ఏళ్ళ తరబడి పురుగు పట్టకుండా నిలిచేది. నిలవ ఉంచగలిగిన చోట కొనుగోలుదారులు పోగవుతారు. వారున్న చోట పొడి మిల్లులు, బ్యాంకు అప్పులు, రసీదులపై వ్యాపారం వస్తాయి. 2005 వరదలకు ఆ పేవులు చాలావరకు పాడయ్యాయి. అయినా మార్కెట్ చెదరలేదు, గిడ్డంగులకు, శీతల గిడ్డంగులకు మారింది. భూమి ఇచ్చిన వసతి చుట్టూ అల్లుకున్న వ్యాపార కట్టుబాటు, ఆ వసతి పోయిన తరువాత కూడా నిలిచింది. నిజామాబాద్ వర్తకులు గమనించవలసిన సంగతి ఇది.

నిజామాబాద్‌కు ఏర్పాట్లు తక్కువేమీ కావు. హైదరాబాద్ సంస్థానంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం 1930 నాటిది. తరువాత 1966 ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. దడవాయి తూకం, తక్‌పట్టీ, హమాలీ రేట్లు, కమీషన్ పరిమితి అన్నీ వాటి కిందివే. 2016 ఏప్రిల్ 14న దేశంలో 21 మార్కెట్లతో ఈ-నామ్ ప్రారంభమైనప్పుడు నిజామాబాద్ అందులో ఒకటి. ఎన్‌సీడీఈఎక్స్ పసుపు ఫ్యూచర్స్‌కు ఇది డెలివరీ కేంద్రం. ఇన్ని ఉన్నా ఈ-నామ్ తెరపై దూరపు కొనుగోలుదారు ధైర్యంగా ధర పెట్టడం కష్టం. తేమ, పుచ్చు, లోపలి రంగు చూసి నమ్మదగిన గ్రేడు చెప్పే ఏర్పాటు బలపడనంతవరకు కంప్యూటర్‌లో వేలం జరిగినా పోటీ యార్డులో నిలబడ్డవారి మధ్యనే.

ఊరి కమిటీ, ఎర్రజొన్న బేరం

ఆర్మూరు పల్లెలలో మరొక సంస్థ ఉన్నది. దానికి చట్టం లేదు, రిజిస్టరు లేదు, కాని మాటకు విలువ ఉన్నది. అది గ్రామాభివృద్ధి కమిటీ. ఊళ్ళోని కులాల పెద్దలు సభ్యులుగా ఉండే ఈ కమిటీలు సరుకుల అమ్మకపు హక్కులు వేలం వేసి డబ్బు పోగుచేస్తాయి. ఆ డబ్బుతో బడి గదులు, గుడులు, రోడ్లు కట్టిన ఊళ్ళు ఉన్నాయి. జరిమానాలు, సాంఘిక బహిష్కారాలు విధించి పోలీసు కేసుల్లో ఇరుక్కున్న కమిటీలూ ఉన్నాయి. వీటిని ఆదర్శమని పొగడనక్కరలేదు. పంటలపై వీటి ప్రభావాన్ని మాత్రం కాదనలేము.

విత్తన పంట తీసుకుందాం. జొన్న, సజ్జ హైబ్రిడ్ విత్తనం పండించాలంటే చుట్టూ కనీసం 200 మీటర్ల వరకు వేరే రకం ఉండకూడదని ధ్రువీకరణ నిబంధన. లేకుంటే పుప్పొడి కలిసి విత్తనం చెడుతుంది. రెండు మూడు ఎకరాల కమతాలున్న గ్రామంలో ఒక రైతు ఒక్కడే విత్తనం పండించలేడు. పొరుగువారు పది మంది ఒప్పుకోవాలి. ఊరంతా ఒక మాట మీద నిలిచే చోటనే విత్తన కంపెనీ అడుగు పెడుతుంది. ఆర్మూరు పక్కన నిజామాబాద్ రోడ్డు మీదనున్న అంకాపూర్‌కు విత్తన గ్రామమని పేరు రావడానికి బావులు ఎంత కారణమో ఈ ఒప్పుదల కూడా అంతే కారణం. ఆ ఊరి రోడ్డు పక్క పచ్చి మొక్కజొన్న కంకులు, కూరగాయల వ్యాపారం ఎక్కువగా ఆడవారి చేతుల మీద నడుస్తున్నది.

ఎర్రజొన్న సంగతి ఇంకొంచెం చిక్కు. ఖరీఫ్‌లో సోయా తీసిన చేలలో రబీకి దీన్ని వేస్తారు. ఇది ఇక్కడ ఎవరూ తినే గింజ కాదు. ఉత్తర భారతంలో పశువుల పచ్చిమేత కోసం విత్తనంగా పోతుంది. అంటే పండేది ఇక్కడ, గిరాకీ అక్కడ, మధ్యన కొద్దిమంది విత్తన వ్యాపారులు. స్థానిక మార్కెట్ లేని సరుకు కనుక ధరను విత్తకముందే మాట్లాడుకోవాలి. ఊళ్ళు కమిటీల ద్వారా కలిసికట్టుగా బేరం చేయడం అందుకే.

ఈ బేరానికి ఉన్న లోపం 2008లో బయటపడింది. కొన్న సరుకుకు డబ్బు చెల్లించలేదని ఆ ఏడాది జూన్‌లో ఆర్మూరులో రైతులు ఆందోళనకు దిగగా పోలీసు కాల్పుల దాకా పోయింది. ఆ బకాయిలను, దాదాపు 11 కోట్ల రూపాయలను, 2014లో ప్రభుత్వం తన ఖజానా నుంచి చెల్లించింది. కమిటీకి తన ఊరివాడిని కట్టడి చేసే శక్తి ఉన్నది గాని పట్నంలోని కొనుగోలుదారుని కట్టడి చేసే శక్తి లేదు. యార్డులో తూగని సరుకుకు తక్‌పట్టీ ఉండదు. తక్‌పట్టీ లేని బాకీకి మార్కెట్ కమిటీ పూచీ పడదు. నమ్మకం ఒక్కటే హామీగా సాగే వ్యాపారంలో ఒకరు తప్పితే ఆ నష్టం నిజాయితీగా చెల్లించే వ్యాపారిపై కూడా పడుతుంది. తరువాతి ఏళ్ళలో అతడు కూడా ముందు డబ్బు చూపవలసి వచ్చేది అందువల్లనే.

2018లో ధర పడిపోయి రైతులు రోడ్డెక్కినప్పుడు మార్క్‌ఫెడ్ క్వింటాలుకు 2,300 రూపాయల చొప్పున ఎర్రజొన్న కొన్నది. 2019లో ఎర్రజొన్నకు 3,500, పసుపుకు 15,000 రూపాయలు కావాలని ఆందోళన సాగింది. అదే ఏడాది నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది అభ్యర్థులు పోటీ చేయగా, వారిలో 170 మందికి పైగా రైతులే కావడం విదితమే. అంతమంది ఒక్క మాటపై నామినేషన్లు వేయగలగడం వెనుక ఊరి కమిటీల అలవాటు లేదనుకోలేము.

వరి లాగుతున్నది

పసుపుకు కనీస మద్దతు ధర లేదు. 2010 చివరలో క్వింటాలు 15 వేలు దాటిన ధర, 2012 ఆరంభానికి 4 వేల దరికి దిగింది. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2024 మార్చిలో మళ్ళీ 18 వేలు దాటింది. ఇంత ఊగిసలాట ఉన్న సరుకును పండించే రైతు పక్కనే వరికి మద్దతు ధర, ఊళ్ళోనే కొనుగోలు కేంద్రం, 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు వచ్చాయి. బోరు కింద వరి పెట్టడం సులువైంది. నీరు తన చేతిలో ఉన్నందువల్ల పసుపు వేసిన రైతే, అదే నీటితో వరి వేస్తున్నాడు. భూగోళం మారలేదు, కొనేవాడు మారాడు.

ఇందులో ఇంకొక చిక్కు ఉన్నది. ఒక కమతంలో వరి వస్తే పక్క కమతంలో పసుపుకు ఊట బాధ. నలుగురు వరికి మళ్ళితే అయిదోవాడు కూడా మళ్ళక తప్పదు. కనుక విస్తీర్ణం తగ్గేటప్పుడు గుత్తంగా తగ్గుతుంది. ధర పెరిగినంత మాత్రాన వెంటనే తిరిగి రాదు. ధర చూసి వచ్చే ఏడాది సరుకు పోటెత్తుతుందని లెక్కవేసేవారు ఈ సంగతి మరువరాదు.

బోర్డు ఏమి చేయగలదు?

జాతీయ పసుపు బోర్డును కేంద్రం 2023 అక్టోబరులో ప్రకటించి నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 జనవరి 14న నిజామాబాద్ ప్రధాన కేంద్రంగా అది ప్రారంభమైంది. మార్కెట్ వర్గాల్లో కొందరు దీన్ని పొగాకు బోర్డుతో పోలుస్తున్నారు. ఆ పోలిక సరికాదు. గుంటూరు కేంద్రంగా 1976లో పని మొదలుపెట్టిన పొగాకు బోర్డుకు 1975 నాటి చట్టం ఉన్నది. అది రైతుల పేర్లు నమోదు చేస్తుంది, ఎంత పండించాలో నిర్ణయిస్తుంది, తన ప్లాట్‌ఫారాలపై వేలం నడుపుతుంది. పసుపు బోర్డుకు అటువంటి అధికారాలిచ్చే చట్టం లేదు. పరిశోధన, నాణ్యత, ఎగుమతుల ప్రోత్సాహం దాని పనులు.

కేంద్రం అప్పట్లో ఇచ్చిన లెక్కల ప్రకారం 2022-23లో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండింది. ఇది ప్రపంచ ఉత్పత్తిలో 75 శాతానికి పైగా. ఎగుమతి అయినది 1.534 లక్షల టన్నులు, అంటే పండినదానిలో నూటికి 13 పాళ్ళు. మిగిలిన 87 పాళ్ళు మన వంటిళ్ళలో, మన మిల్లుల్లో ఖర్చయ్యే సరుకు. ఎగుమతులు పెరిగితే మంచిదే. కాని ధరను నిలబెట్టేది ప్రధానంగా దేశీయ గిరాకీ, నిల్వలు అన్నది ఈ లెక్కలో స్పష్టం.

విదేశీ కొనుగోలుదారు, మందుల కంపెనీ చూసేది కర్క్యుమిన్ శాతం. నిజామాబాద్ యార్డులో ధర పలికేది కొమ్ము పొడవు, రంగు, ఎండు చూసి. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉన్నది. కాలికట్ సంస్థ విడుదల చేసిన ప్రగతి రకం 180 రోజుల్లోనే వస్తుంది, కర్క్యుమిన్ 5 శాతం దరి ఉంటుంది. కాని యార్డులో ఆ 5 శాతానికి వేరే ధర రాకపోతే రైతు ఆ రకం ఎందుకు వేస్తాడు? కుప్ప నుంచి నమూనా తీసి గంటలో ఫలితం చెప్పే పరీక్ష, ఆ చీటీని ఒప్పుకునే ఖరీదుదారు, రెండూ ఉన్నప్పుడే విత్తనం మారుతుంది. బోర్డు మొదట చేయదగిన పని ఇదేనని చెప్పవచ్చు. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, మార్కెట్ కమిటీ సహకారం చాలు.

తక్కువ రోజుల రకానికి మరొక ప్రయోజనం కూడా ఉన్నది. డిసెంబరులోనే భూమి ఖాళీ అయితే రైతు వెనుక పంట ఒకటి వేసుకోగలడు. వరి రైతులాగా రెండోసారి సొమ్ము కళ్ళజూడగలడు. అడ్తి అప్పు కాలం కూడా ఆ మేరకు తగ్గుతుంది. అడ్తి దుకాణాలకు ఇది వడ్డీ తగ్గడంగా కనిపించవచ్చు. సరుకు తగ్గిపోయి కమీషనే లేకుండా పోవడంకన్నా అది మేలు.

ఇక విస్తీర్ణం విషయం. వానాకాలపు అంచనాలకు ప్రభుత్వ లెక్కలు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. మే నెలలో ఆర్మూరు, వేల్పూరు పల్లెలలో విత్తన పసుపు నీడన కుప్పపోసి, ఆకు కప్పి నిలవ ఉంచుతారు. అక్కడికి వెళ్ళి ఎందరు విత్తనం దాచుకున్నారో, ఎందరు ఉడకబెట్టి అమ్మేసుకున్నారో అడిగితే చాలు. దాచినవాడు నాటుతాడు, అమ్మినవాడు ఎకరానికి 8 క్వింటాళ్ళు మళ్ళీ కొని నాటడం అరుదు.